కొత్త తెరలో వంపు

చీరాలలో మరమగ్గాల చీరలకు కంప్యూటర్లో డిజైన్లు వేసేవాళ్ళలో నజ్మీన్‌కు మంచి పేరుండేది. తెర నిండా ఆవగింజంత గళ్ళుంటాయి. ఒక్కో గడీ ఒక్కో పోగు. ఒక్క గడికి రంగు తప్పితే చీర పొడవునా ఆ తప్పు పాకుతుంది. పదకొండేళ్ళలో ఆమె చేతిలో గడి తప్పలేదు.

ఈ ఎండాకాలం రెండుసార్లు తప్పింది. మొదటిసారి నెమలి మెడ దగ్గర. రెండోసారి అంచు గీతే విరిగింది. ఇరవై చీరలు నేశాక గాని ఎవరూ చూసుకోలేదు. మగ్గాల యజమానురాలు కోటిరత్నం ఫోన్లో కేకలెయ్యలేదు. నజ్మీన్‌కు భయం వేసింది అందుకే.

"పెళ్ళిచీరల ఆర్డరు వచ్చిందమ్మాయ్. శుక్రవారానికి డిజైన్ కావాలి. ఈసారీ తప్పితే ఇంకొకళ్ళని చూసుకుంటా, ఏమనుకోమాక," అంది.

"తెర పాతదైపోయిందండీ, గళ్ళు అలుక్కుపోతున్నాయి. మార్చేస్తున్నాం," అంది నజ్మీన్. ఆ క్షణానికి నోటికొచ్చిన మాటే అది. అన్నాక తనే గట్టిగా నమ్మింది.

ఆమె పనిచేసేది భర్త అఫ్రోజ్ గేమింగ్ ల్యాప్‌టాప్ మీద. అతను బస్టాండ్ దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు, కారు రేసులాటలంటే ప్రాణం. పెద్ద డిజైన్లను మోయగల మిషను ఇంట్లో అదొక్కటే. పగలు ఆమెది, సాయంత్రం అతనిది. దానికి తగిలించిన పాత మానిటర్లు రెండూ తీసేసి బొమ్మ ఇంకా స్పష్టంగా కనపడే ఫోర్‌కే మానిటర్లు తెమ్మని ఆమె వెంటపడింది. తిండి మానేసి మరీ వెంటపడింది. చివరికి అఫ్రోజ్ గుంటూరు వెళ్ళి తెచ్చాడు.

బుధవారం మధ్యాహ్నం బిగించారు. పాత కేబుల్‌తో మౌస్ బాణం ఈడ్చుకుంటూ కదిలింది. అఫ్రోజ్ కేబుల్ మార్చాడు. ల్యాప్‌టాప్ ఫ్యాను రొద పెట్టింది గాని బొమ్మ నిలబడింది.

"చూడు నజ్మీ, గడికీ గడికీ మధ్య సందు కూడా కనపడతంది."

ఆమె చూసింది. గళ్ళు ఇంకా చిన్నవయ్యాయి, అంతే. నడిమధ్యలో ఎవరో తడివేలితో రుద్దినట్టు ఆ అలుకు అలాగే ఉంది. చున్నీ కొంగుతో తెర తుడిచింది. తుడవడానికి దాని మీద ఏమీ లేదు.

"బాగుందా?"

"బాగుంది," అంది.

సరిచూద్దామని అఫ్రోజ్ కారు ఆట తెరిచాడు. బీడు మధ్య పొడుగాటి రోడ్డు. నజ్మీన్ పక్కన కూర్చుని చూస్తోంది.

"ఆ వంపు దగ్గర మెల్లగా పోండి."

"ఏ వంపు?"

"ఎదురుగా ఉంది కదా."

అఫ్రోజ్ ఆట ఆపేశాడు. "రోడ్డు తిన్నగానే ఉంది, నజ్మీ."

ఆమె ఎడమ కన్ను మూసుకుని చూసింది. రోడ్డు పాములా మెలికలు తిరిగింది. కుడి కన్ను మూసుకుంది. ఇప్పుడు సన్నటి వణుకు మాత్రమే. అంటే ఎడమ కంటికి కూడా మొదలైందన్నమాట.

"ఎన్నాళ్ళ నుంచి?"

"మానిటరే అనుకున్నా."

"పద, ఇప్పుడే డాక్టరు దగ్గరికి పోదాం."

"శుక్రవారం దాకా ఆగండి, మీ కాళ్ళు పట్టుకుంటా. జబ్బని తెలిస్తే నాకు పనెవరిస్తారు?"

మర్నాడు పొద్దున్నే కుడి కంటికి రుమాలు కట్టుకుని కూర్చుంది. డిజైనంతా ఆమె మనసులో ఉంది. అఫ్రోజ్ ఆ పూటకి షాపు మూసుకొచ్చి పక్కన చేరేసరికి పగలు పదకొండయింది. అప్పటిదాకా ఆమె వేసిన వరసల్ని అతను వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టాడు.

"చెప్పండి."

"మూడో వరస నుంచీ ఒక గడి పక్కకి జరిగింది. మొత్తం."

చెరిపి మళ్ళీ వేసింది. మళ్ళీ జరిగింది. మూడోసారి మౌస్ మీద చెయ్యి ఆగిపోయింది. తల టేబుల్ మీద వాల్చింది. కాసేపటికి లేచి తనే కోటిరత్నానికి ఫోన్ చేసింది.

"గడి కనపడటం లేదండీ నాకు."

అవతల మగ్గాల చప్పుడు మధ్య నుంచి, "ముందే చెప్పాల్సింది గదమ్మా," అంది కోటిరత్నం. ఆర్డరు వేరేవాళ్ళకు పోయింది.

శుక్రవారం గుంటూరు కంటి ఆస్పత్రిలో డాక్టరమ్మ అడిగింది, "షుగర్ ఉందా?"

"ఆరేళ్ళ కిందట మా బాబు కడుపులో ఉన్నప్పుడు వచ్చింది. కాన్పయ్యాక పోయిందన్నారు."

"తర్వాత పరీక్ష చేయించుకున్నావా?"

"లేదండీ." రక్తపరీక్షలో షుగర్ మూడువందలు దాటింది.

"షుగర్ వల్ల కంటి వెనక పొరలో నీరు చేరింది. నెలనెలా కంట్లోకి ఇంజెక్షన్ చెయ్యాలి. ఎడమ కన్ను నిలబెట్టుకోవచ్చు. కుడి కన్ను ఎంతవరకు తిరిగొస్తుందో ఇప్పుడే చెప్పలేను."

"గళ్ళు కనపడతాయా అండీ?" అంది నజ్మీన్.

"బస్సు బోర్డులు చదువుకుంటావమ్మా, మనుషుల్ని గుర్తుపడతావు. భయపడకు."

అఫ్రోజ్ కుర్చీ ముందుకు జరుపుకుని, బొటనవేలి గోరు మీద చూపుడువేలి గోరు ఆనించి, గడి అంటే ఎంతుంటుందో డాక్టరమ్మకు చెప్పడం మొదలుపెట్టాడు. బయట నర్సు తర్వాతి పేరు పిలిచింది. అతను చెబుతూనే ఉన్నాడు.