పిలిస్తే పలకని పిల్ల

మంజుష స్నానం చేసి వచ్చేసరికి వీధి తలుపు బార్లా తీసి ఉంది. నాలుగున్నరేళ్ల హర్షిత ఇంట్లో లేదు. చెప్పులు మాత్రం మెట్ల మీదే ఉన్నాయి.

భీమవరం శివార్లలో వాళ్ల ఇల్లు. గుమ్మం దిగితే నాలుగు రొయ్యల చెరువులు.

"అమ్మలూ!" అని అరుస్తూ గట్టెక్కింది మంజుష. అరిచినా లాభం లేదని ఆమెకి తెలుసు. హర్షితకి చెవులు బాగానే వినిపిస్తాయి, పరీక్షలన్నీ చేయించారు. కానీ పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడదు. ఇంతవరకూ ఒక్క మాట కూడా అనలేదు. దాహమేస్తే అమ్మ చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ దగ్గరికి లాక్కెళుతుంది, అంతే.

చెరువుల్లో రొయ్యలకి గాలి అందించే ఏరియేటర్ మోటార్లు నీళ్లు చిమ్ముతూ ఒకటే మోత. ఆకుపచ్చటి నీళ్లలో అడుగు కనబడటం లేదు.

కాపలా గంగయ్య పరిగెత్తుకొచ్చాడు. "ఇటు రాలేదండి అమ్మగారూ, నేను చూళ్లేదండి" అంటూనే మొదటి చెరువు ఏరియేటర్లు ఆపేసి నీళ్లలోకి దిగాడు. కాళ్లతో అడుగు తడుముతున్నాడు. అతని పాదానికి ఏం తగులుతుందోనని మంజుష అటు చూడలేకపోయింది. భర్త శ్రీనివాసరాజుకి ఫోన్ చేస్తే బయల్దేరానన్నాడు.

మూడుంబావుకి ఫోన్ మోగింది. హర్షితకి మాటలు నేర్పే థెరపిస్టు ఇంద్రజ.

"మూడింటి క్లాసుకి రాలేదేంటండి?"

మంజుష ఏడుస్తూ చెప్పింది. ఇంద్రజ వెంటనే అందుకుంది.

"ముందు మోటార్లన్నీ ఆపించండి. పేరు పెట్టి పిలవకండి. మన క్లాసులో బంతి విసిరే ఆటలోలాగా ఒకటి, రెండు అని ఆగిపోండి. మూడు మాత్రం మీరు అనకండి."

"అదెప్పుడూ అనలేదు కదండీ!"

"పోయినవారం పెదవులు కదిపింది, నేను చూశాను. మీరు ఆగాలి. పది లెక్కపెట్టేదాకా ఆగాలి."

ఆరు నెలలుగా ఇంద్రజ చెబుతున్నది అదే. ఆరు నెలలుగా మంజుష ఆగలేక, మూడో మాట తనే అనేస్తోంది.

గంగయ్య గట్టెక్కి మెయిన్ స్విచ్ దించేశాడు. మోత అణిగిపోయింది.

"ఒకటీ... రెండూ..."

నీళ్లు గట్టుకి తగులుతున్న చప్పుడు తప్ప ఇంకేం లేదు. మంజుష మళ్లీ అరవబోయి, చీర కొంగు నోట్లో కుక్కుకుంది. రెండో చెరువు దగ్గర అలాగే చేసింది. మూడో చెరువు దగ్గర, మేత షెడ్డు పక్కన నిలబడి మళ్లీ అంది.

"ఒకటీ... రెండూ..."

మనసులో లెక్కపెడుతోంది. ఏడు. ఎనిమిది. తొమ్మిది.

"మూ."

షెడ్డులోంచి! గంగయ్య బస్తాలు లాగి పడేశాడు. గోడకీ బస్తాలకీ మధ్య ఇరుక్కుని ఉంది హర్షిత, ఒంటినిండా మేత పొడితో. ఏడవడం లేదు. మంజుష పిల్లని గుండెలకి అదుముకుని, అక్కడే కూలబడింది.

మర్నాడే శ్రీనివాసరాజు గట్ల చుట్టూ ఇనప వల కట్టించాడు.

ఆ తరవాతి క్లాసులో ఇంద్రజ, తొలి మాట వచ్చిందని మెచ్చుకోబోయింది. మంజుష వినిపించుకోకుండా అడిగింది.

"మాటలు నెమ్మదిగా రానివ్వండి. పిలిస్తే పలకడం నేర్పగలరా? ఎప్పటికి?"

"ఎప్పటికని చెప్పలేనండి. ఇవాళే మొదలుపెడదాం" అంది ఇంద్రజ. ఆమె చూపు మంజుష గుప్పిట్లో ఉన్న పిల్ల చేతి మీద పడింది. "మేడమ్, కొంచెం వదలండి. ఎర్రగా కందిపోయింది."

మంజుష వేళ్లు సడలించింది. వదల్లేదు.