నేను రాయని పుట

మా ఆయన రాసింది చదవగలిగేవాళ్లు లోకంలో ఇద్దరే. ఒకరు ఆ భగవంతుడు, రెండోదాన్ని నేను. ఆయన రాత కోడి కెలికినట్టుంటుంది. నావి మా నాన్న వీధిబడిలో ఇసుక మీద దిద్దించిన అక్షరాలు, ముత్యాల్లా ఉంటాయి. అందుకని ఆయన చిత్తు రాస్తే నేను శుద్ధప్రతి తీసేదాన్ని. మొగుడి పేరు చెప్పకూడదు గనుక మేష్టారు అంటాను. ఆయన టెక్కలి బడిలో పంతులు.

జర్మనీ యుద్ధం మొదలైన ఏడు మేష్టారు ఒక నవల రాశారు. కథ జరిగేది కొబ్బరి, జీడి తోటల సీమ మా ఉద్దానంలో. సోంపేట దగ్గర మా పుట్టింటి ఊళ్లో పెద్ద రైతు వైకుంఠరావు మావయ్య అచ్చు వేయిస్తానన్నాడు, ఒక్క షరతు మీద.

"మా ఉద్దానం కతంటన్నావు గదా అల్లుడూ, ముందు మావోళ్లకి సదివి ఇనిపించు. ఆళ్లు మెచ్చితే అచ్చుకి, నవ్వితే పొయ్యిలోకి."

శుద్ధప్రతి తీయడానికి కూర్చున్నాను. నాయిక పేరు కుసుమవల్లి. ఆమె నడిస్తే హంసలు సిగ్గుపడ్డాయి, నవ్వితే పట్టపగలే వెన్నెల కాసింది. మూడు వందల పుటల్లో ఒక్క పూటైనా అన్నం తినలేదు. పోనీలే, నవల కదా అని ఓర్చుకున్నాను. పదకొండో ప్రకరణంలో నా కలం ఆగిపోయింది. అక్కడ కుసుమవల్లి జీడిమామిడి చెట్టు కింద పచ్చి పిక్కను పంటితో కొరికి, లోపలి పప్పు నాయకుడి నోటికి అందిస్తుంది. అది అమృతంలా ఉందట.

పచ్చి జీడిపిక్క! దాని సొన తగిలితే ఒళ్లు కాలి బొబ్బలెక్కుతుందని ఉద్దానంలో పాకే పిల్లకి కూడా తెలుసు. అందరికన్నా బాగా తెలిసింది మేష్టారికే. పెళ్లైన కొత్తలో మా తోటకొచ్చి, నా ముందు గొప్పకి పోయి, వద్దంటున్నా వినకుండా పిక్క కొరికారు. మూతి బూరెలా వాచింది. నాలుక పొక్కిపోయింది. తొమ్మిది రోజులు పెదాలకి కొబ్బరినూనె రాసి, చల్లారిన గంజి కొబ్బరిచిప్పతో కొంచెం కొంచెంగా పోశాను. అంతవరకు ఆయన నాకు పరాయి మనిషి. ఆ తొమ్మిది రోజుల్లోనే నా మొగుడయ్యారు.

"ఇది అబద్ధం కదేటండీ? మనకి జరిగిందే రాయకూడదేటి?" అని అడిగాను.

ఆయన మొహం కందగడ్డయింది. "గంజి తాగే నాయకుణ్ణి ఎవులు సదువుతారే? పేమంటే అందంగా ఉండాల. రాసింది రాయి."

నాకు ఒళ్లు మండింది. హంసలేమో ప్రేమ, నా తొమ్మిది రోజులేమో సిగ్గుచేటు! "నా సెయ్యి ఇది రాయదు" అన్నాను. ఆ పుట తెల్లగా వదిలేసి మిగతాదంతా పూర్తి చేశాను. అలిగి అన్నమాటే కదా అనుకుని ఆయన తిరగేసి చూసుకోలేదు.

వైకుంఠరావు మావయ్య కళ్లంలో తాటాకు పందిరి వేశారు. పీచుతాళ్లు పేనే, జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్లు, కొబ్బరికాయలు దింపే మగవాళ్లు వచ్చి కూర్చున్నారు. మేష్టారు చదువుతున్నారు. హంసల దగ్గర మా మేనత్త బొడ్డమ్మ ఆవులించింది.

"ఈ కుసుమవల్లి గుంట కూడెప్పుడు తింటాదర్రా?"

అందరూ నవ్వారు. వైకుంఠరావు మావయ్య నవ్వలేదు, కళ్లం పక్కన మండుతున్న పొయ్యి వైపు చూశాడు. మేష్టారు చదవడంలో వేగం పెంచారు. కుసుమవల్లి పచ్చి పిక్క చేతిలోకి తీసుకునేదాకా చదివి పుట తిప్పారు. తెల్ల కాగితం.

తలెత్తి నా వంక చూశారు. నేను తల దించలేదు. రాసిందంతా ఆయనకి కంఠతా వచ్చు, చెప్పేయొచ్చు. కానీ ఎదురుగా ఉన్నవన్నీ జీడి సొనకి నల్లబడిన చేతులు.

"తరవాతేటి, అల్లుడూ?" అంది అత్త.

మేష్టారు కాగితాలు మూసేశారు.

"ఆ పిక్క ఆ పిల్ల కొరకలేదు. ఆడు కొరికేడు. వద్దంటన్నా ఇన్లేదు, ఎర్రోడు."

పందిరంతా ఘొల్లుమంది. తర్వాత నూనె గురించి, గంజి గురించి, చిప్ప గురించి చెబుతుంటే ఎవరూ నవ్వలేదు. మంటకి తను ఏడిస్తే ఆ పిల్ల గోడవైపు తిరిగి ఏడ్చేదని, చూడనట్టు కళ్లు మూసుకునేవాడినని చెప్పారు. ఆయన చూశారని ఇన్నేళ్లూ నాకు తెలియదు. 'ఆడు' పోయి 'నేను' వచ్చిందని ఆయనకే తెలియలేదు.

అత్త కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఆ గుంట పేరేటన్నావు?"

మా వైపు పెద్దల ముందు మగవాడు పెళ్లాం పేరెత్తడు. ఏడేళ్ల కాపురంలో 'ఇదిగో' అనడమే తప్ప ఆయన నన్ను పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. మేష్టారు లేచి నిలబడ్డారు.

"గౌరి" అన్నారు, పందిరి చివరిదాకా వినిపించేలా.

అందరూ నావైపు తిరిగారు. "అచ్చుకి పంపించు, అల్లుడూ" అన్నాడు వైకుంఠరావు మావయ్య.

నేను ఉన్నదున్నట్టు పంపనివ్వలేదు. మూడు వందల పుటలూ మళ్లీ మొదటినుంచి రాశాను. కుసుమవల్లి ఉన్నచోటల్లా గౌరి అని పెట్టాను. హంసల్ని తోలేసి, ఆ పిల్లకి పూటపూటా అన్నం పెట్టాను.