సత్తెమ్మకు ఇష్టమైనది

నానక్‌రామ్‌గూడలో అందరికంటే ముందు లేచేది సత్తెమ్మ. వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, బావి నుంచి ఆరు బిందెలు మోసి, బర్రె పాలు పిండి, జొన్నరొట్టెలు కొట్టి, ఆపైన గుట్ట మీద కంకర కొట్టే పనికి పోయేది. మొగుడు రాజయ్య ఆ వేళకు లేచి, అరుగు మీద కూర్చుని చాయ్ తాగేవాడు. అతనికీ పనుంది. ఊళ్లో ఎవరి పని ఎలా చెయ్యాలో చెప్పడం.

పందొమ్మిది వందల డెబ్బై నాలుగు ఎండాకాలంలో సత్తెమ్మ గుట్ట మీదే కూలబడి ప్రాణం విడిచింది. రాజయ్య గుండెలు బాదుకున్నాడు. "నా ఇంటి లచ్చిమి! ఇగ నాకు చాయ్ ఎవరిస్తరే!" అని ఏడ్చాడు. ఆ దుఃఖం నిజమైనదే, అనుమానం అక్కర్లేదు. ఏడుపయ్యాక కూతురు కనకలక్ష్మిని పిలిచి, "ఇగ బడి బందు. ఇల్లు నువ్వే సూసుకోవాలె" అన్నాడు. ఆరో తరగతిలో అందరికంటే ముందున్న పిల్ల అది. చీపురు అందుకుంది.

మూడోనాడు పిట్టకు పెట్టారు. పోయిన మనిషికి ఇష్టమైనవి పాతిపెట్టిన చోట విస్తట్లో వడ్డిస్తే కాకి వచ్చి ముట్టాలి. ముట్టిందంటే ఆ మనిషి తృప్తిగా వెళ్లిపోయినట్టు. రాజయ్య యాటకూర, గారెలు పెట్టించాడు, కల్లు పోయించాడు. అన్నీ తనకు ఇష్టమైనవే. ఇరవై ఏళ్లు వండిపెట్టిన పెళ్లానికి ఏం ఇష్టమో ఆ మహానుభావుడికి తెలియదు. అందరూ తిన్నాక మిగిలింది తినేది కనుక, గిన్నె అడుగే ఇష్టమనుకున్నాడు కాబోలు. కాకి చెట్టు దిగలేదు.

"సూసిండ్రా? నేనంటే పానం దానికి. ఇడిసి పోతలేదు" అని మీసం దువ్వి, ఆ యాటకూర తనే తిన్నాడు.

మర్నాడు పొద్దున్నే సత్తెమ్మ వచ్చి వాకిలి ఊడ్చింది. నీళ్లు మోసింది, రొట్టెలు కొట్టింది. కాకి ముట్టకపోతే మరేం చేస్తుంది? బావి దగ్గర ఆడవాళ్లు జరిగి చోటిచ్చారు. రాజయ్య అరుగు దిగకుండానే "చాయ్ తే" అన్నాడు. ఇంట్లో పని సాగుతోంది కదా అని కూతుర్ని మళ్లీ బడికి పోనిచ్చాడు.

సత్తెమ్మతో కంకర కొట్టిన పోచమ్మ ఒకనాడు వచ్చి అడిగింది. "పిట్టకు మల్ల పెట్టరాదు రాజయ్యా? నేను పెడితే ముట్టదాయె, ఇంటోళ్లే పెట్టాలె. సచ్చినంక గూడ చాకిరేనా ఆమెకు?"

"ఆమెకు లేని పరేషాన్ నీకేంది?" అన్నాడు రాజయ్య. అది విన్న మగవాళ్లు, ఆడదంటే సత్తెమ్మలా ఉండాలని ఇళ్లకు పోయి చెప్పారు. సిగ్గు లేకపోతే సరి.

వానాకాలంలో ఒకరోజు, బిందె దించిన సత్తెమ్మ నడుం పట్టుకుని గోడకు ఆనుకోవడం కనకలక్ష్మి చూసింది. చచ్చినా నడుంనొప్పి పోలేదా అని ఆ పిల్లకు ఏడుపొచ్చింది. అమ్మకు ఏం ఇష్టమో దానికి తెలుసు. సద్ది పట్టుకుని గుట్టకు పోయినప్పుడు ఒకసారి చూసింది. ఇంట్లో చుక్క చాయ్ నోట పెట్టని అమ్మ, అక్కడ చాయ్‌లో బిస్కెట్టు ముంచుకు తింటూ పోచమ్మతో పగలబడి నవ్వుతోంది. కానీ అది పెడితే అమ్మ పోతుంది, అమ్మతో పాటే బడీ పోతుంది. మూడు రోజులు మామూలుగా బడికే పోయింది. నాలుగోనాడు పోచమ్మ దగ్గర గ్లాసెడు చాయ్, ఒక బిస్కెట్టు అడిగి తీసుకుని, అమ్మను పాతిపెట్టిన చోట తన చేత్తోనే పెట్టింది. చెయ్యి తీసేలోగా కాకి వాలింది.

వాకిలి సగం ఊడ్చిన సత్తెమ్మ చీపురు అక్కడే పడేసింది. "చాయ్ ఏదే?" అని రాజయ్య అరుస్తున్నా వెనక్కి చూడలేదు. ఎదురొచ్చిన కూతురి చెయ్యి పట్టుకుని బస్సెక్కింది. కండక్టరు పిల్లకు అర టికెట్టు కొట్టి, తల్లిని కిటికీ పక్కన కూర్చోమన్నాడు.

బాలానగర్‌లో, బడికి పోయే ఆడపిల్లల హాస్టలు ముందు దిగారు. వార్డెను పుణ్యవతి కోస్తా నుంచి వచ్చినావిడ. కాగితం తీసి, "తల్లి పేరేంటమ్మా?" అని పిల్లనడిగింది.

"సత్తెమ్మ. సచ్చిపోయి మూన్నెల్లయింది."

పుణ్యవతి సత్తెమ్మకు కుర్చీ చూపించి, రాసుకుంది. "మరి తండ్రి ఉన్నారా?"

కనకలక్ష్మి నోరు తెరిచేలోగా, "లేడు" అని చెప్పి సత్తెమ్మ వేలిముద్ర వేసింది.