దొరకదు అంటే సున్నా

ధరలు రాయడం నా ఉద్యోగం. ఫారం చేత్తో పట్టుకుని కొట్టు కొట్టుకీ తిరిగి, కిలో ఉల్లిపాయలెంత, క్షవరానికెంత, రెండు గదుల అద్దె ఎంత అని అడిగి రాసుకుంటాను. మా శివారులో నేను, అటుపక్క నగరంలో ఒకావిడ, ఇటుపక్క నగరంలో ఒకాయన. ముగ్గురి ఫారాలూ పక్కపక్కన పెట్టి, ఎక్కడ బతకడానికి ఎంతవుతుందో మా ఆఫీసు తేలుస్తుంది. శివారులో బతుకు చవకని ఏటా తేలుతుంది. ఎందుకు తేలదు మరి? ఫారంలో అరవై రెండు అంశాలుంటే, పదిహేడు మా దగ్గర దొరకనే దొరకవు. సినిమా హాలు లేదు, కాలేజీ లేదు, పళ్ళ డాక్టరు లేడు. వాటికి ఎదురుగా "దొరకదు" అని రాస్తాను. ఆఫీసు దాన్ని సున్నాగా వేసుకుంటుంది. అంటే పంటి నొప్పితో చచ్చినా సరే, మా వాళ్ళకు ఆ వైద్యం ఖర్చు పైసా లేదన్నమాట. ఎంత అదృష్టవంతులమో!

ఇన్నాళ్ళూ ఆ అదృష్టాన్ని చూసి నవ్వుకున్నదాన్నే. ఈ ఏడు నవ్వు రాలేదు. నగరాల ఖర్చు వంద అనుకుంటే, మాది డెబ్భైకి తగ్గితే చాలు, శివారు వాళ్ళ సగం టిక్కెట్టు బస్సు పాసులు రద్దట. చవగ్గా బతికేవాళ్ళకు రాయితీలెందుకని పైనున్న ఏ పెద్ద బుర్రకో తోచింది. కిందటేడు మాది డెబ్భై ఒకటి. ఈ ఏడు ఉన్న ఒక్క కళ్ళద్దాల షాపూ మూసేశారు. వేళ్ళ మీద కూడి చూసుకుంటే అరవై ఎనిమిది వచ్చింది.

మా ఆయన గడియారాలు బాగుచేసేవారు. రెండేళ్ళ కిందట కిడ్నీలు రెండూ చేతులెత్తేశాయి. అప్పట్నుంచి వారానికి మూడుసార్లు బస్సెక్కి నగరంలో పెద్దాసుపత్రికి వెళ్ళి, నాలుగేసి గంటలు మిషన్ పక్కన పడుకుని వస్తారు. డయాలసిస్ అక్కడ ఉచితమే. బస్సు టిక్కెట్లే మా ప్రాణం తోడేస్తాయి. పాసుల సంగతి చెప్పగానే ఆయన తేలిగ్గా తీసిపారేశారు.

"మూడుసార్లలో ఒకసారి మానేస్తే ఏమవుతుందే? ఆ రెండుసార్లే కాస్త గట్టిగా తిప్పమంటాను" అన్నారు, కీ తిప్పే గడియారం గురించి చెప్పినట్టు.

"నోర్ముయ్యండి" అన్నాను. కోపం కాదు నాది, భయం.

మర్నాడు వెళ్ళి మా సూపర్‌వైజర్ బల్ల ముందు నిలబడ్డాను.

"సార్, నలభై ఒకటో నంబరు డయాలసిస్. మా దగ్గర లేదు, నగరానికి పోయి చేయించుకుంటున్నారు. అది సున్నా ఎలా అవుతుంది?"

"మీ దగ్గర ఎవరూ అమ్మట్లేదు కదమ్మా. అమ్మని దానికి ధరేంటి?"

"జబ్బు మాత్రం మా దగ్గరే ఉంది కదండీ!"

"జబ్బుకి ఫారంలో కాలమ్ లేదు. ఒక్క కొట్టు ముందైనా ధర రాసిన బోర్డు కనిపించిందనుకో, రాసుకో. నేనొద్దన్నానా?" అని ఫైల్లో తల దూర్చేశాడు.

మహానుభావుడు! తనకు తెలియకుండానే దారి చూపించాడు.

మా సందు చివర ఒక మందుల షాపుంది. తుమ్మితే చాలు, ఐదు రకాల మాత్రలు అంటగట్టే ఘనుడు దాని ఓనరు. తిన్నగా ఆయన దగ్గరికి వెళ్ళాను.

"'డయాలసిస్ ఏర్పాటు చేయబడును' అని బోర్డు పెట్టండి. నగరంలో ప్రైవేటు ఆసుపత్రి, రానూ పోనూ కారు, మీ కమిషన్, అన్నీ కలిపి ధర వెయ్యండి."

"ఎవరైనా నిజంగా వచ్చి అడిగితేనో?"

"మన శివారులో అంత డబ్బు పెట్టేవాడెవడండీ?"

"అదీ నిజమేలే" అన్నాడు. కమిషన్ అన్న మాట చెవిన పడ్డాక ఆయనకు ఇంకేమీ వినిపించినట్టు లేదు. ఆయన వేసిన ధర చూసి, చాలదు ఇంకాస్త పెంచమన్నాను. ధర పెంచమని బతిమాలిన మనిషిని ఆయన జన్మలో చూసి ఉండడు. బోర్డు వేలాడదీశాడు, నేను రాసుకున్నాను. మా శివారు ఖర్చు డెబ్భై ఐదుకెక్కింది. పాసులు నిలిచాయి. వారం రోజులు నేల మీద నడవలేదు నేను.

ఆ తర్వాత పెద్దాసుపత్రి నుంచి ఉత్తరం వచ్చింది. మా ఆయన పైకి చదివారు. "మీ ప్రాంతంలో డయాలసిస్ సౌకర్యం లభిస్తున్నట్లు జీవన వ్యయ నివేదిక ద్వారా తెలిసినందున, సౌకర్యం లేని ప్రాంతాల వారికి ఉద్దేశించిన మీ ఉచిత వంతును వచ్చే సోమవారం నుంచి వేరొకరికి కేటాయించడమైనది."

"మన దగ్గర ఎక్కడుందే డయాలసిస్?" అన్నారు అయోమయంగా.

"మందుల షాపు ముందు" అన్నాను. అంతా చెప్పాను. ఆయన పగలబడి నవ్వారు, దగ్గొచ్చేదాకా నవ్వారు. నాకు ఏడుపు ఆగలేదు. నా మొగుడి ప్రాణం నా చేత్తో, నా అక్షరాలతో, నేనే తీసేశాను.

మర్నాడు మళ్ళీ అదే బల్ల.

"బోర్డుంది, ధరుంది, నివేదిక వెళ్ళిపోయింది" అన్నాడు సూపర్‌వైజర్. "మార్చాలంటే ఒకటే దారి. దొంగ ధర రాశానని నువ్వే రాసివ్వాలి. రాసిస్తే మాత్రం ఉద్యోగం ఉండదు. ఇంటికెళ్ళి ఆలోచించుకో."

"ఆలోచించేదేముంది? కాగితమివ్వండి."

రాసిచ్చాను. చదువుకుని ఆయన మొహం అదోలా పెట్టాడు. "మీ ఆయన కోసమని ముందే చెప్పొచ్చుగా?"

"ఏ కాలమ్‌లో చెప్పమంటారు?" అని వచ్చేశాను.

శనివారానికల్లా ఆసుపత్రి వంతు తిరిగొచ్చింది. పాసులు పోయాయి. జీతం సంగతి సరేసరి. సోమవారం బస్సు ఎక్కితే కండక్టరు ఇద్దరికీ పూర్తి టిక్కెట్లు కొట్టాడు. వెనక సీట్లో ఎవరో ఆవిడ అందుకుంది.

"ఆ ధరలు రాసేదెవత్తో గానీ, దాని చేతులు పడిపోను!"

"పడిపోవాల్సిందే" అన్నాను గట్టిగా. మా ఆయన నవ్వాపుకోలేక కిటికీ వైపు తిరిగారు.

ఈ రెండేళ్ళూ ఆయన ఒంటరిగానే వెళ్ళివచ్చారు. ఆ వేళకు నేను ఏ కొట్టు ముందో ఉల్లిపాయల ధర రాసుకుంటూ ఉండేదాన్ని. మిషన్ పక్కన ఆయన ఎలా పడుకుంటారో, సూది గుచ్చినప్పుడు ఎటు చూస్తారో నాకు తెలియదు. ఒక్కసారి కూడా అడగలేదు.

"నాలుగు గంటలు ఊరికే కూర్చోవాలి. నీకు విసుగొస్తుందే" అన్నారు.

"రానివ్వండి" అన్నాను.