నూకల కూలి

ధాన్యం కళ్లంలో పరచాలి. కాళ్లతో తిరగదోయాలి. మబ్బేస్తే పరుగున పోగుచెయ్యాలి. మరలోంచి వచ్చిన బియ్యాన్ని చేటలతో చెరిగి తవుడు, నూకలు విడదీయాలి. రాళ్లేరాలి. ఆమదాలవలసలోని ఆ రైసుమిల్లులో ఇవన్నీ ఆడవాళ్ల పనులే. మర చేసేదల్లా పొట్టు తీయడం.

ఆ మిల్లుకి గుమస్తాగా వచ్చాడు జగన్నాధం. విజయనగరంలో అర్థశాస్త్రం చదివి బి.ఏ. ప్యాసైనవాడు. వాళ్లింట్లో అక్షరం ముక్క వచ్చిన మొదటి మనిషి. చదివించింది పిన్ని గున్నమ్మ, ఆ మిల్లులోనే చేట పట్టి.

చెరిగేవాళ్లకి డబ్బు కూలి లేదు. సాయంత్రం నూకలు చెంగున కట్టుకుపోవడం తాతలనాటి ఆనవాయితీ. జగన్నాధానికి అది వెట్టిలా తోచింది. రొక్కం ఇవ్వాల్సిందేనని షావుకారు నారాయణమూర్తి దగ్గర పట్టుబట్టాడు.

"ఒరే జగ్గా, ఆ నూకలు తినే గదరా నీకింత బుర్రొచ్చినాది! ఉన్నదాన్ని కెలక్కురా" అంది గున్నమ్మ.

"నీకు తెలీదు పిన్నీ. రూపాయి చేతిలో ఉంటే కావలసింది కొనుక్కోవచ్చు."

"ఓలమ్మ, కలకటేరుబాబు సెప్పినాడు, ఇనుకోండర్రా!" అని పక్కనున్న మరిడమ్మ పకపకా నవ్వింది.

షావుకారు ఇట్టే ఒప్పుకున్నాడు. కొన్నాళ్లయ్యాక జగన్నాధాన్ని పిలిచాడు. "చెరిగే మిషను అమ్మకానికొచ్చిందట. సదువుకున్నోడివి, నువ్వేటంటావు?"

మిషను వద్దనిపించాలని చూశాడు జగన్నాధం. గబగబా కాగితం మీద వంకర గీత ఒకటి గీశాడు. "దీన్ని సమోత్పత్తి రేఖ అంటారండి. దీనిమీద ఎక్కడ నిలబడ్డా బియ్యం అన్నే బస్తాలు వస్తాయి. ఈ కొసన మనుషులు ఎక్కువ, యంత్రం తక్కువ. ఆ కొసన యంత్రం ఎక్కువ, మనుషులు తక్కువ. మనం ఈ కొసనే ఉన్నా బియ్యమేం తగ్గదండి."

"ఆ కొసకెళ్లినా తగ్గదు గదా?"

"తగ్గదండి. ఏ కొస మంచిదో కూలి ధరా, మిషను ధరా చూసి..."

"అదే సూస్తన్నాను. నూకలిచ్చినన్నాళ్లూ ఈళ్ల కూలి నా లెక్కలోకే రాలేదయ్యా. ఇప్పుడు వారం వారం ఇనప్పెట్టె తియ్యాలి. ఆ కొసకే పోదాం."

జగన్నాధం కాగితం మడిచేశాడు. "పోనీ, మళ్లీ నూకలే ఇచ్చేద్దామండి."

"నూకలు బరంపురం బేరగాడికి అమ్ముతానని ఒప్పేసుకున్నాను."

అరవై ఎనిమిదిలో మిషను రైల్లో దిగింది. దానికి బియ్యం అందించడానికి ఒక్క మనిషి చాలు. గున్నమ్మ ఆ సంగతి విని కన్నకొడుకులా పెంచిన కుర్రాణ్ని గేటు దగ్గర ఆపింది. "ఆ ఒక్క మనిసిగా నన్నెట్టమని సెప్పరా, బాబూ."

చెప్పాడు. బతిమాలాడు. షావుకారు వయసులో చిన్నదని మరిడమ్మని ఉంచాడు.

పొలం పనికి గున్నమ్మ నడుము వంగదు. ఇంట్లో ఉండమంటే, "కూకుని తినడం నాకు సేతకాదురా" అని వెళ్లిపోయింది. జగన్నాధం ఆ మిల్లులోనే గుమస్తా. ఇల్లు గడవాలి మరి.

ఆమదాలవలస స్టేషన్లో దిగేవాళ్లు గూడ్సు షెడ్డు వైపు ఒకసారి చూడండి. వాచ్‌మన్ అదిలిస్తున్నా, రాలిన గింజలు ఊడ్చుకునే ముసలమ్మ కనిపిస్తుంది. ఆమె పేరు గున్నమ్మ. గుర్తుంచుకోండి.