చెయ్యెత్తితే రొట్టె

అభా పట్నం నుంచి గంట ప్రయాణం. కొండ మీద నాలుగు రాతి ఇళ్లు, మెట్లు మెట్లుగా దానిమ్మ తోటలు, పొద్దెక్కినా విడవని మంచు. సౌదీ అంటే ఇసుకే అనుకుని వచ్చిన రాయచోటి బాబావలికి మొదటి చలికాలమే పళ్లు టకటకలాడాయి. డ్రైవరు పని అని రప్పించిన యజమాని, అక్కడి మాటలో కఫీల్, స్టీరింగు బదులు చేతికి వడిసెల ఇచ్చాడు. తోట మీద పడే కొండకోతుల్ని తోలాలి. పాస్‌పోర్టు ఆయన దగ్గరుంది కాబట్టి బాబావలి నోరు మూసుకుని తోలాడు.

ఆ ఊళ్లో ఎవరూ చెడ్డవాళ్లు కారు. సలాం చెబుతారు, ఖర్జూరాలు పెడతారు, అంతే. తెలుగు వినే చెవి మాత్రం ఒక్కటీ లేదు. అందుకే గుంపుకు వెనకబడ్డ కుంటికోతి ఒకటి గట్టు మీద కూర్చుని చూస్తుంటే రాయి వెయ్యలేదు. చెయ్యెత్తి కుబ్బూస్ రొట్టె ముక్క విసిరాడు.

"ఏంరా, నీకూ ఎవురూ లేరా?" అన్నాడు. తన గొంతు తనకే కొత్తగా వినబడింది.

ఇక రోజూ అదే పని. రొట్టె విసరడం, భార్య మాబున్నీ గురించి చెప్పుకోవడం. తను విమానం ఎక్కేనాటికి కడుపులో ఉన్న కూతురు ఇప్పుడు బడికి పోతోంది. ఫోనులో "ఎవురు?" అని అడిగి తల్లికిచ్చేస్తుంది. కోతి మాత్రం చివరిదాకా వింటుంది. కోతికి రొట్టె కావాలి గానీ కథలెందుకు? ఆ సంగతి అతనికి తెలియక కాదు. మెల్లగా మిగతా కోతులూ వచ్చాయి. వాటికీ విసిరాడు.

ఆ ఏడు కాయ విరగకాసింది. ఈ పంట అభా మార్కెట్టుకు చేరితే ఇంటికి పోయేందుకు పాస్‌పోర్టులో ఎగ్జిట్ కొట్టిస్తానని కఫీల్ అల్లా మీద ఒట్టేశాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని రాయచోటిలో అందర్నీ ఆటపట్టించిన మనిషే, వస్తున్నానని మాబున్నీకి ఫోను చేసేశాడు.

కోత ముందురోజు మధ్యాహ్నం గుంపు మొత్తం కొండ దిగింది. బాబావలి వడిసెలలో రాయి పెట్టి చెయ్యెత్తాడు. అవి పారిపోలేదు. ఎత్తిన చెయ్యి చూసి ఇంకా దగ్గరికొచ్చి కూర్చున్నాయి. పడిన రాయిని ఏరుకుని వాసన చూశాయి. రొట్టె కాదని తెలిశాక చెట్లెక్కాయి. అరిచాడు, డబ్బా వాయించాడు, ఏడ్చాడు. సాయంత్రానికి తోటంతా తొక్కలే.

కఫీల్ కొట్టలేదు, తిట్టలేదు. వచ్చే పంటకు చూద్దాంలే అని భుజం తట్టి పోయాడు. తిట్టినా బాగుండేది. ఇది తను చేజేతులా చేసుకున్నదని బాబావలి ఎవరితో చెప్పుకుంటాడు?

తెల్లవారి కుంటికోతి గట్టు మీదికొచ్చింది. చంపేద్దామన్నంత కోపంతో వడిసెల అందుకున్నాడు. అంతలోనే చెయ్యి సడలింది. ఇదీ పోతే ఇక ఎవరున్నారు? అక్కడే కూలబడ్డాడు.

"ఆ బిడ్డకు ఏమని చెప్పాల్రా?" అన్నాడు.

కోతి అతని చేతుల్లోకి చూసింది. రొట్టె లేదు. తోటలోకి చూసింది. కాయ లేదు. కుంటుకుంటూ గుంపు పోయిన దారినే పక్క కొండకు బయల్దేరింది. బాబావలి చెయ్యెత్తి పిలిచాడు. అది వెనక్కి తిరిగి చూడలేదు.