గులాబీల షెడ్డులో ఒక మాట

"అవి చేతులా, కట్టెలా?" అన్నాడు సూపర్‌వైజర్ ఒల్గెర్, అందరూ వింటుండగా. గులాబీల ముళ్ళు తీస్తుంటే నా చేతిలోంచి ఒక కట్ట జారిపడింది, అంతే. విదేశాలకి పూలు పంపే మా కయాంబేలో ప్రేమికుల రోజు దగ్గర పడిందంటే షెడ్డులో ఎవరికీ ఊపిరాడదు. ఆ మాట తర్వాత నా చేతులు నిజంగానే కట్టెలయ్యాయి. పొట్టి కాడలు పొడుగు కాడల్లో కలిపేశాను, మొగ్గలు విరిచాను. పక్క బల్ల తర్హేలియా నీళ్ళ బకెట్ ఎత్తలేక నావైపు చూసింది. రోజూ రెండో చెయ్యి నాదే. ఆ రోజు తల తిప్పుకున్నాను. పాపం, ఆమె నన్నేమందని?

ఇంటికి నడుస్తూ అదే ఆలోచన. నా భర్త సెగుందో కూడా గుమ్మంలోనే, "ఇంతసేపూ ఏం వెలగబెట్టావ్?" అంటాడు. వంట ఆగలేదు, ఉతుకుడు ఆగలేదు. కానీ అడగకుండా చేసే పనులు, చలి రాత్రి అతని దుప్పటి మీద ఇంకో దుప్పటి కప్పడం లాంటివి, ఎప్పుడు మానేశానో నాకే తెలియదు. మనసు రాయైపోయిందనుకున్నాను. కాదు, ప్రతి మాటకీ కొంచెం కొంచెంగా వెనక్కి జరిగింది.

మర్నాడు ఒల్గెర్ తర్హేలియా మీద నోరు పారేసుకున్నాడు. బల్లల వరసంతా పని నెమ్మదించింది. బయట పూల లారీ ఎదురుచూస్తోంది. నేను కత్తెర కింద పెట్టాను.

"తప్పుంటే చూపించండి, దిద్దుకుంటాం. మీరలా అన్నాక మాకు చేతులాడవు సార్. లారీ వెళ్ళేది ఈ చేతుల మీదే."

ఉద్యోగం పోయిందనుకున్నాను. అతను మొహం తుడుచుకుని బయటికి వెళ్ళాడు. తిరిగొచ్చి, ఎవరి మొహమూ చూడకుండా, "ఎర్రవి ముందు కానివ్వండమ్మా, పైనుంచి నన్నూ తిడుతున్నారు" అన్నాడు. ఎవరో నవ్వారు. చేతులు కదిలాయి. తర్హేలియా బకెట్ ఇద్దరం కలిసి ఎత్తాం. చీకటి పడకముందే లారీ కదిలింది.

ఆ సాయంత్రం సెగుందో బల్ల దగ్గర కూర్చుని, "సూప్ ఏదీ? చెవుడా?" అన్నాడు. నా గిన్నెలో వడ్డించుకుని అతని ఎదురుగా కూర్చున్నాను.

"మళ్ళీ అడుగు. ఈసారి నాతో మాట్లాడుతున్నట్టు అడుగు."

గొంతు సవరించుకున్నాడు.

"సొయిలా," అన్నాడు.

ఆ ఇంట్లో నా పేరు విని ఎన్నేళ్ళయిందో.